వాన మీద నెపం

ఆదోనిలో గడిచిన నా చిన్నప్పటి రోజుల్లో నాకు ప్రాణమైన స్నేహితురాలు ఒకతె ఉండేది. ఆరో తరగతిలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఆ ఏడు వాళ్ళ నాన్నకు ఎమ్మిగనూరులో మగ్గం పని దొరికి, ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్ళిపోయారు.

వానలు పట్టిన రోజుల్లో తన దగ్గర నుంచి కార్డు వచ్చింది. అమ్మకు జ్వరం తగ్గలేదనీ, భయంగా ఉందనీ, వెంటనే జాబు రాయమనీ రాసింది. చదివితే నాకు ఏడుపొచ్చింది. కానీ భయపడుతున్న మనిషికి ఏం రాయాలో తెలియలేదు. బాగా ఆలోచించి, మంచి మాటలు చూసుకుని రాద్దామనుకున్నాను. వారం గడిచింది. ఆ తర్వాత ఇంత ఆలస్యం చేశానే అన్న సిగ్గు పట్టుకుంది. రోజులు గడిచేకొద్దీ ఆ సిగ్గు పెరిగిందే గాని కార్డు మీద ఒక్క అక్షరం పడలేదు.

నెల దాటాక, ఆ పిల్ల తల్లి చనిపోయిందని మా నాన్నకు ఎవరో చెప్పారు. మర్నాడే నన్ను బస్సులో తీసుకెళ్ళాడు. ఇంట్లో మగ్గం ఆగి ఉంది. నా స్నేహితురాలు గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి ఏడవలేదు.

"నా కార్డు అందలేదా?" అని మాత్రం అడిగింది.

నేను చూపు తిప్పుకున్నాను. పక్కనున్న వాళ్ళ అవ్వ అందుకుంది. "యాడ అందుతాది పాపా? ఆ వానలకి వంకలు పొంగి బస్సులే నిల్సిపోయినాయి గదా. టపా యాడనో తడిసి పోయింటాది."

నేను తలూపాను. అప్పుడు నా స్నేహితురాలు నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది.

బయల్దేరేటప్పుడు అవ్వ నన్ను పక్కకు పిలిచింది. "నీకు అందిందని నీ మొగం సూస్తానే తెల్సింది. తల్లి పోయింది, నువ్వు గూడా మర్సినావనుకుంటే అది తట్టుకోలేదని అట్ల సెప్పినా. నీ జాబు తెచ్చే టపా ఆయప్ప కోసం అది దినామూ వాకిట్లోనే కూసుంటాండె."

"ఏం రాయాల్నో తెలీలేదవ్వా" అన్నాను.

"'కార్డు సదివినా, నేనుండా' అని రాసింటే సాలు గదమ్మా" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

అప్పటి నుంచి స్నేహితుల ఉత్తరం ఏది వచ్చినా ఆ పూటే రెండు ముక్కలు రాసి పోస్టు డబ్బాలో వేస్తాను. మిగతాది తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు. నా స్నేహితురాలు మాత్రం ఈ వయసులోనూ ఆ ఏటి వానలనే తిట్టుకుంటుంది. తప్పు వానది కాదని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.