రెండు పేర్ల గోళీ

మా పెద్దమ్మ పోయిందని మొన్న ఆదివారం నేను చర్చి నుంచి బయటికి వస్తుంటే ఆమె కోడలు, మా వదిన ఫోన్ చేసి చెప్పింది. తుంటి విరిగి మంచాన పడింది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, పోయింది. చూడవచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పాం. అది అబద్ధం కాదు. కానీ కథ అక్కడ మొదలు కాలేదు.

అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల్లో రాలిన పండ్లు ఏరి బతికిన మనిషి ఆమె. తోట ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర ట్రాక్టరు మీదున్న వాళ్ళు పలికేవారు. ఇంటికెవరొచ్చినా కూర్చోబెట్టి కబుర్లలో పెట్టేది. లేవబోతే, "మెల్లగ తాగు బిడ్డా, చాయ్ ఏమన్న పారిపోతదా?" అనేది. చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు.

డెబ్బై దాటాక ఒళ్ళంతా దురద పట్టుకుంది. "గోకితే తోలు పోతది గాని దురద పోదే" అని నవ్వేది. ఖమ్మంలో చర్మం డాక్టరు గోళీలు రాశాడు. దురద తగ్గింది. ఆ తర్వాత పెదనాన్న పోయాడు. అప్పటి నుంచి తలుపు చప్పుడైనా గుండె దడే. వదిన ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

పెద్దమ్మ కొంగుముడి విప్పి పాత గోళీల షీటు ఆయన ముందు పెట్టిందట. "సారూ, దురదకు ఇయ్యి మింగుతున్న. మీరిచ్చేటివి గూడ మింగొచ్చునా?"

ఆయన ఆ షీటు ముట్టుకోలేదు. "అది దురదకమ్మా, ఇది భయానికి. రెండూ వాడు" అన్నాడు.

రెండూ వాడింది. చెప్పినట్టు విని, పూట తప్పకుండా వాడింది.

ఇల్లు నిశ్శబ్దమైంది. చాయ్ ఆమె చేతిలోనే చల్లారిపోయేది. మాట ముద్దగా వచ్చేది, నోరు ఎండిపోయేది. చర్చిలో గోడకు ఆనుకుని కునికేది. "దేవుడు మంచి నిద్ర ఇచ్చిండు" అన్నారు తోటివాళ్ళు. వయసు మీదపడిందని మేమూ అనుకున్నాం. "నాకు నిద్ర వస్తలేదే, నిద్రే నన్ను గుంజుకపోతున్నది" అని ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పింది. ముసలివాళ్ళ మాట కదా, ముచ్చటగా విన్నాం.

ఒక మధ్యాహ్నం స్నానాల గదికి పోతూ గడప మీద పడింది.

ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ, ఇంట్లో వాడే మందులన్నీ తెమ్మంది. వదిన కవరు తెచ్చి బల్ల మీద గుమ్మరించింది. డాక్టరమ్మ రెండు షీట్లు తిప్పి చూసింది.

"ఇవి రెండూ ఒకటే మందని మీకెవరూ చెప్పలేదా?"

"పేర్లు వేరే ఉన్నయి గదా మేడమ్."

"పైన పెద్దగా ఉన్నది కంపెనీ పెట్టిన పేరు. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది మందు పేరు. దురదకూ ఇదే ఇస్తారు, ఆందోళనకూ ఇదే ఇస్తారు. మత్తు మందమ్మా. ఈ వయసు వాళ్ళకు తక్కువలో తక్కువ ఇవ్వాలి, కిడ్నీలు, గుండె చూసి ఇవ్వాలి. ఈమె రెండింతలు మింగింది."

వదిన రెండు షీట్లూ దగ్గరికి తీసుకుని ఆ చిన్న అక్షరాలు చదివింది. ఇద్దరు డాక్టర్లలో ఎవరి చీటీ చూసినా తప్పు దొరకదు. రెండు చీటీలకూ మందులిచ్చింది ఒకే దుకాణం. ఆ చీటీలు రెండూ కలిసింది మాత్రం మా పెద్దమ్మ కడుపులోనే.

ఆ గోళీలు ఆపేశారు. మెల్లమెల్లగా పెద్దమ్మ తేరుకుంది. దురద మళ్ళీ వచ్చింది, గొంతూ వచ్చింది. పక్క మంచాల వాళ్ళ ఊర్లూ పేర్లూ అడిగి తెలుసుకుంది. నెమ్ము చేరేలోపు మాకు ఆమె మళ్ళీ దక్కింది ఆ కొద్ది రోజులే. ఆ రోజుల్లోనే నేను చూడటానికి పోయాను.

"అవ్ గానీ, పిల్లకు ఓణీల ఫంక్షన్ ఎప్పుడు చేస్తున్నరు?" అని వదినను అడిగింది.

వదిన నా మొహం చూసింది. వదిన కూతురి ఫంక్షన్ అయిపోయి చాలా రోజులైంది. తన ఫోన్‌లో ఆ రోజు ఫొటో వెతికి చేతికిచ్చింది. పూలమాలల వెనక, కొత్త పట్టుచీరలో, కుర్చీలో తల వాల్చేసి పెద్దమ్మ.

చాలాసేపు చూసింది. "ఒక్కలు గూడ నన్ను లేపలేదా?" అంది.

వదిన ఫోన్ కోసం చెయ్యి చాపింది. ఆమె ఫోన్ తిరిగి ఇవ్వలేదు. తెర ఆరిపోయినప్పుడల్లా వేలితో తట్టి వెలిగించుకుని, ఆ ఫొటోలో నిద్రపోతున్న మనిషినే చూస్తూ కూర్చుంది.