అమ్మ కోసం తోమిన రాగి చెంబు

నా చిన్నప్పుడు, కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో, మేము సూరత్‌లోని వడోద్‌లో ఒంటిగది ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నాకప్పుడు పదేళ్ళు. మా బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు మెరుపు రాళ్ళు అతికించేది. ఆమెకు జ్వరమొచ్చిన ఐదో రోజున ఊపిరి అందకపోతే బాపు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గుమ్మం దాటొద్దని నాకు చేత్తో సైగ చేసింది తప్ప అమ్మ మాట్లాడలేకపోయింది.

బాపు ఆసుపత్రి బయటే ఉండిపోయాడు. అదే వరండాలోని మిగతా గదులవాళ్ళు మా తలుపు ముందు నుంచి నడవడం మానేశారు. పక్కింటి పెద్దమ్మ ఒక్కతే నాకు రెండు పూటలా పళ్ళెం తెచ్చి పెట్టేది. ఆమె మాకు చుట్టం కాదు. మాలాగే జగిత్యాల వైపు నుంచి వచ్చి, కార్ఖానా పనివాళ్ళకు అన్నం వండిపెట్టి బతికేది. భర్త ఎప్పుడో పోయాడు. మాట కరుకు. నాకు ఆమెంటే భయం.

వారం గడిచాక ఒక పొద్దున ఆమె ఫోన్ మోగింది. "సరే తమ్మీ, సరే" అని నాలుగైదుసార్లు అని, ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి కాసేపు నిలబడింది. తర్వాత నన్ను పిలిచింది.

"బిడ్డా, మీ ఇంట్ల రాగి చెంబు ఉండాలె గదా. అది పట్కరా."

అది అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెంబు. వాడక నల్లగా మారి, మెడ దగ్గర పచ్చటి చిలుము పట్టి ఉంది. పెద్దమ్మ గోరువెచ్చటి నీళ్ళలో చింతపండు నానబెట్టి, గుప్పెడు ఉప్పు పక్కన పెట్టి, నన్ను కుళాయి దగ్గర కూర్చోబెట్టింది. తనూ నా పక్కనే కూర్చుంది. పిప్పికి ఉప్పు అద్ది ఒకసారి రుద్ది చూపించింది. నలుపు కింద నుంచి గులాబీ రంగు రాగి బయటపడింది. రాగి చెంబులో నీళ్ళు ఒంటికి మంచివని ఆ రోజుల్లో అందరూ అంటుండేవారు. అమ్మ ఇంటికి వస్తోందనుకున్నాను.

"అమ్మకు నీళ్ళకా?" అని అడిగాను.

"జర గట్టిగ రుద్దు," అంది.

చెంబు సగం నలుపు వదిలాక, చేతులు ఆపకుండానే చెప్పింది.

"మీ అమ్మ ఇగ రాదు బిడ్డా. నిన్న పానం పోయింది. ఆడనే దహనం జేసిన్రట. అస్థికలు తెచ్చుటానికి మీ బాపుకు చెంబు గావాలె. నీకు చెప్పే ధైర్నం లేదని నన్ను చెప్పుమన్నడు."

నా చేతులు ఆగలేదు. బొటనవేలి మీద చిన్న గాటులో ఉప్పు మండుతోంది. ఏమనాలో తెలియక, "మెడ కాడ పచ్చగున్నది, పోతలేదు పెద్దమ్మా," అన్నాను. ఆమె గుడ్డ కొసను చింతపండు రసంలో ముంచి, నా వేలి మీద తన వేలు పెట్టి, ఆ చిలుమును మెల్లగా రుద్దించింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

"ఏడ్వు బిడ్డా," అంది. "ఏడ్సుకుంటనే రుద్దు."

కడిగాక, పులుపు మిగిలితే మళ్ళీ నల్లబడుతుందని పొడిగుడ్డతో లోపలా బయటా నా చేతనే తుడిపించింది. మధ్యాహ్నం బాపు వచ్చి మెట్ల దగ్గరే ఆగిపోయాడు. నా చేతిలో చెంబు చూశాడు. నాకు తెలిసిపోయిందని అర్థమై అక్కడే కూలబడ్డాడు. "పో, మీ బాపు కాడికి పో," అని పెద్దమ్మ నన్ను వెనక నుంచి నెట్టింది.

అస్థికలను తాపీ నదిలో కలిపి వచ్చాక బాపు ఒకే మాట చెప్పాడు. "శ్మశానం కాడ అస్థికల కోసం అందరు ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకొని నిలవడ్డరు బిడ్డా. ఈ రోజులల్ల ఎవలికి ఏం దొరికితె అది."

పెద్దమ్మ మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. పిల్లను మోసం చేసి పనికి కూర్చోబెట్టిందని అనుకునేదాన్ని. పెళ్ళయ్యాక ఒకసారి వెళ్ళి అడిగేశాను, ఎందుకట్లా చేశావని. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నా పెనిమిటి పోయిండని నన్ను నడి వాకిట్ల నిలవెట్టి చెప్పిన్రు బిడ్డా. గప్పుడు నా చేతులు ఏడ వెట్టుకోవాల్నో నాకు తెల్వలె," అంది.

ఆ ఎండాకాలం గడిచి నలభై ఏళ్ళు దాటింది, ఇప్పుడు నా తల నెరిసింది. ఇన్నేళ్ళలో అలాంటి చావు కబుర్లు నేనూ కొందరికి చెప్పాల్సి వచ్చింది. ఎవరికీ ఎదురుగా నిలబడి చెప్పలేదు. వెళ్ళి పక్కన కూర్చుంటాను. ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇచ్చి, అందులో సగం నేను తీసుకుంటాను. మా అమ్మాయికి వాళ్ళ నాన్న పోయిన సంగతి చెప్పిన రోజు ఇద్దరం గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నాం. విన్నాక అది ఒక్క క్షణం నా వైపు చూసి, మళ్ళీ కాయ అందుకుంది. చాటలో కాయలన్నీ అయ్యేదాకా ఇద్దరం అలాగే ఏడుస్తూ తీశాం.