మైనపు దిమ్మలో మిగిలింది

కోసే ముందు ఆమె మైనపు దిమ్మ మీద ఒకసారి ఊపిరి వదులుతుంది. ఆ వెచ్చని తడికి మైనం కాస్త మెత్తబడి, పొర చిట్లకుండా వస్తుంది. పంతొమ్మిదేళ్లుగా ఆసుపత్రి ల్యాబులో ఆమె పని అదే. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో నిలిపి, యంత్రం మీద వెంట్రుక కన్నా సన్నని పొరలుగా కోయాలి. తోటివాళ్లు ఆమెను ఊదక్క అంటారు.

నెల కిందట ఆమె కోసిన దిమ్మల్లో చెల్లెలి మెడగడ్డ ఒకటి. ల్యాబు డాక్టరమ్మ ఆ పొరలు చూసి, మామూలు వాపేనని రాసింది. ఆ పూట అక్కచెల్లెళ్లిద్దరూ కడుపునిండా తిన్నారు.

గడ్డ తగ్గలేదు.

"చెమటకి దుప్పటి పిండుకోవాల్సొస్తోంది అక్కా," అంది చెల్లెలు, కుట్టుమిషన్ మీద స్కూలు యూనిఫాం కాలరు తిప్పుతూ.

"చిక్కిపోయావే."

"మంచిదేగా. ఒక జాకెట్టు గుడ్డలో రెండు కుట్టుకుంటా."

ఊదక్కకు నవ్వు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గర నిలబడింది.

"మేడమ్, ఏమీ లేదని రాసినచోట జబ్బు ఉండే వీలుందా?"

డాక్టరమ్మ ఎవరిదో పాత స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టింది. "చూడు. నిండా కాపలా కణాలే. దొంగ నూటికొక్కడు. కొన్ని లింఫోమా క్యాన్సర్లింతే. ఎప్పుడో చిన్నప్పుడొచ్చిన వైరస్ ఒక కణంలో నక్కి ఉంటుంది. ఆ కణం చెడ్డాక, తనను పట్టిచ్చే గుర్తులు పైన కనబడనివ్వదు. దగ్గరికొచ్చిన కాపలావాడితో, నేను మనవాణ్ణేలే, నువ్వు కూర్చో అంటుంది. వాడు కూర్చుంటాడు."

"చుట్టూ ఇంతమంది ఉండీనా?"

"వీళ్లను పిలిచి కూర్చోబెట్టిందీ అదే. ఈ గుంపును చూసి ఒక్కోసారి మనమూ వాపే అనుకుంటాం."

పద్ధతి ప్రకారం ఊదక్క చెల్లెలి దిమ్మలో పైపొరలు మూడే కోసింది. మిగతా గడ్డ మైనంలో, సొరుగులో ఉంది. లోతుకు కోయనా అని అడగాలి. స్లైడు పెట్టెలో సర్ది బయటికొచ్చింది. అడిగితే కోయాలి. కోస్తే కనబడొచ్చు.

సాయంత్రం ఇంట్లో చెల్లెలి మెడ తడిమింది. పాత గడ్డ కింద వేళ్లకు ఇంకొకటి తగిలింది.

"చేతులేంటక్కా, ఇంత చల్లగా?"

"ఐసు మీద దిమ్మలు పెడతాం కదే."

"ఇంటికొచ్చి గంటైందిగా?"

ఊదక్క చేతులు కొంగులో దాచుకుంది.

మర్నాడు పొద్దున అందరికన్నా ముందు డాక్టరమ్మ గదికి వెళ్లింది. "ఒక దిమ్మ లోతుకు కోస్తాను మేడమ్."

"ఎవరిది?"

"మా చెల్లిది."

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "ఇంకొకరు కోస్తారులే."

"వద్దు మేడమ్. చిట్లిపోతుంది."

సొరుగు లాగి దిమ్మ తీసి ఐసు మీద పెట్టింది. యంత్రానికి బిగించి, మొహం దగ్గరికి తెచ్చింది. నోరు ఎండిపోయింది. మొదటి ఊపిరికి మైనం మీద తడి పట్టలేదు. రెండోదానికీ పట్టలేదు. మూడోసారి పట్టింది.

ఆమె కోసే చక్రం తిప్పింది.