కాలువకి నీళ్ళొచ్చేదాకా

నాది పుట్టుపిరికి గుండె. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే చాలు, ఎవరికేమయిందోనని పొయ్యి కట్టేసి కూర్చుంటాను. మావారికి అదంతా వేళాకోళం. "మా ఆవిడుంటే ఇంట్లో సైరను అక్కర్లేదండీ" అని వచ్చిన వాళ్ళందరికీ చెబుతారు. అలాంటి మనిషికి గుండె నరాల్లో అడ్డాలున్నాయనీ, ఆపరేషను తప్పదనీ డాక్టరుగారు చెప్పారు. అప్పుడు ఎండలు ముదురుతున్నాయి. నెలాఖరులోపు ఆస్పత్రిలో చేరమన్నారు.

ఆపరేషను కంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి ఉంది. మాది బెజవాడలో చీరల కొట్టు. ఆయన పుట్టి పెరిగింది మాత్రం కాలువ ఒడ్డునున్న నేతవాళ్ళ ఊళ్ళో. పెళ్ళయిన చాలా ఏళ్ళకి నేను ప్రభువును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నాను. ఆయన అడ్డు చెప్పలేదు. ఆదివారం స్కూటరు మీద మందిరం దగ్గర దింపి, ఎదురుగా టీ కొట్లో కూర్చునేవారు. కొన్నాళ్ళకి చెప్పులు విప్పి వెనక వరసలోకి వచ్చారు. కిందటి క్రిస్మసు నాటికి ఇంట్లో నా పక్కన మోకరించి ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టారు. బాప్తిస్మం మాటెత్తితే మాత్రం ఒకటే పట్టు.

"మా ఊరి కాలవలోనే తీసుకుంటా. మావాళ్ళందరూ చూడాలి. ఇదేమన్నా దొంగచాటు పనా?"

ఆ మాట విన్నప్పుడు మురిసిపోయాను. ఇప్పుడదే మెడకి చుట్టుకుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు పారేది తొలకరికే. ఈలోపే ఆపరేషను.

మందిరంలో తొట్టి ఉంది, రేపే కానిద్దామన్నారు పాస్టరుగారు. "తొట్లో ముంచి తియ్యటానికి నేనేమన్నా నూలు చిలపనా అండీ?" అన్నారు ఈయన. నూలు చుట్టల్ని రంగుతొట్లలో ముంచి తీసే ఇంట్లో పెరిగిన మనిషి కదా! పాస్టరుగారు కూడా నవ్వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టుంది ఈయన వరస. ఆపరేషను బల్ల మీద జరగరానిది జరిగితే దేవుడితో ఏమని చెప్పుకుంటారు, కాలువ ఎండిపోయిందనా? నీళ్ళు కాదమ్మా, నమ్మకం ముఖ్యం అని పాస్టరుగారు ధైర్యం చెప్పారు. సరేనని తల ఊపాను కానీ, పక్కన ఆయన గురక ఆగినప్పుడల్లా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను.

అప్పుడు బావగారు ఫోను చేశారు. మావారికి అన్నగారు. ఊళ్ళోనే ఉంటారు, ఇప్పటికీ మగ్గం వదల్లేదు, ఒంట్లో నలత అంటే ఏమిటో ఎరగరు. గుడికి వెళతారు, మా ఇంటికొస్తే ప్రార్థనలోనూ కూర్చుంటారు.

"అమ్మాయ్, మంచినీళ్ళ చెరువులు నింపటానికి కాలవకి నీళ్ళొదుల్తున్నారంట. నాలుగు రోజులే ఇస్తారంట. వాణ్ణి తీసుకొచ్చెయ్" అన్నారు.

పాస్టరుగారిని కూడా కారెక్కించుకుని పొద్దున్నే బయల్దేరాం. హనుమాన్ జంక్షన్ దాటేదాకా ఈయన ఇడ్లీల గురించే మాట్లాడారు. తీరా వెళితే గట్టు నిండా చుట్టాలు, కాలువ నిండా బురదా గుర్రపుడెక్కా. పైన లాకుల దగ్గర వదిలిన నీళ్ళు ఇంకా మా ఊరిదాకా రాలేదు. బావగారు నీడన ప్లాస్టిక్ కుర్చీ వేసి తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. మావారి ఒంటి మీద తెల్ల లుంగీ, తెల్ల చొక్కా. బావగారు తన చేత్తో నేసి ఇచ్చిన గుడ్డే.

ఎండెక్కాక నీళ్ళొచ్చాయి. ముందు చెత్తని తోసుకుంటూ సన్నగా, తరవాత పాదాలు తడిసేంత. నేను ఒకసారి నీళ్ళ వంకా, ఒకసారి ఆయన మొహం వంకా చూస్తున్నాను. నుదుటి మీద చెమట పట్టింది. ఎడమ చెయ్యి నలుపుకుంటున్నారు.

"ఏమండీ, నొప్పిగా ఉందా?"

"ఎండే. ఊరుకో."

ఆ గొంతులో వేళాకోళం లేదు. డాక్టరుగారిచ్చిన మాత్ర ఆయన నాలుక కింద పెట్టి, "ఇప్పుడే ఇచ్చెయ్యండి పాస్టరుగారూ!" అని అంతమందిలో అరిచాను.

"మునగటానికి చాలవమ్మా. ముందు ఆస్పత్రికి పోదాం పదండి" అన్నారు పాస్టరుగారు.

మావారు కుర్చీలోంచి లేచారు. "పడుకుంటే చాలతాయిలెండి" అని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కాలువలోకి దిగారు.

నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు. ఆయన బురదలో కూర్చుని వెల్లకిలా వాలారు. వెంట దిగిన పాస్టరుగారొక్కరి వల్ల కాకపోతే బావగారు పంచె ఎగ్గట్టి దిగి, పక్కన మోకరించి, తమ్ముడి భుజాల కింద చేతులు వేశారు. తండ్రి నామమున, కుమారుని నామమున, పరిశుద్ధాత్మ నామమున అన్న మాటలు వినపడ్డాయి. ఆయన తల ఆ మురికి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. మొహం కనపడలేదు. ఇంక పైకి రారనే అనుకున్నాను.

"అన్నయ్యా, మెల్లగా లాగు, నేనేమన్నా మగ్గాన్నా?" అంటూ లేచారు.

గట్టెక్కాక పాస్టరుగారు బావగారి చెయ్యి పట్టుకున్నారు. "మీరూ తడిశారు కదండీ. మరి మీ సంగతేంటి?"

"నాకేం తొందరండీ, గుండ్రాయిలా ఉన్నా. తొలకరికి కాలవ నిండుగా వచ్చుద్దిగా, అప్పుడు చూద్దాం" అన్నారు బావగారు చేతులు తుడుచుకుంటూ. అందరూ నవ్వారు. నేను అప్పటికే కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను.

తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆపరేషను బాగానే జరిగింది. ఆయన ఇంటికొచ్చి, గుమ్మం దాకా నడిచి, మళ్ళీ నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టారు. నేనూ కాస్త స్థిమితపడ్డాను. అలాంటప్పుడొక ఉదయం ఫోను రెండుసార్లు మోగి ఆగింది. ఏ కంపెనీవాళ్ళో అనుకుని దోసె తిరగేశాను. మళ్ళీ మోగింది. మా తోటికోడలు. బావగారు మగ్గం ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారట. కాఫీ ఇవ్వబోయి చూసిందట.

పెద్దకర్మ నాటికి కాలువ నిండుగా వచ్చింది. పాస్టరుగారు కూడా పలకరించడానికి వచ్చారు. బావగారి సంగతి ఆయన్ని ఒక్క మాట అడగాలనుకున్నాను. ఏం చెబుతారోనని భయమేసి, భోజనం చేసి వెళ్ళమన్నాను.

సాయంత్రం మావారు గట్టు మీద అదే కుర్చీలో కూర్చుని ఉన్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఆ రోజు నన్ను లేపటానికి అన్నయ్య నడుం దాకా తడిశాడు కదే. మోకాళ్ళ మీద కూర్చున్నాడు కూడా," అన్నారు. "అది లెక్కలోకి వస్తుందంటావా?"

నా పిరికితనం చూసి ఇన్నేళ్ళూ నవ్విన మనిషి నా చెయ్యి పట్టుకున్నారు. చీకటి పడ్డా వదల్లేదు.