పేరు లేని ఇన్‌హేలర్

ఇటలీలోని ఆ చిన్న ఊళ్లో పేటకొకటి చొప్పున పది గుర్రాలు పరుగెత్తాయన్నది నిశ్చయం, నేనే లెక్కపెట్టాను. ఊరి పెద్ద కూడలి చుట్టూ మూడుసార్లు తిరగడానికి వాటికి ఒకటిన్నర నిమిషం కన్నా తక్కువే పట్టింది. అదీ నా చేతిగడియారంలో చూసినదే. రౌతు పడిపోయినా గుర్రం ఒక్కటే గీత దాటితే ఆ పేటదే గెలుపన్నది మాకు గది అద్దెకిచ్చినావిడ మాట. పోటీ పేటలవాళ్లు ఆ వారమంతా పలకరించుకోరన్నదీ ఆవిడ మాటే. ఆ రెంటినీ నేను రుజువు చేసుకోలేదు.

అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో బయలుదేరే ముందే పందెం ఎంతసేపన్నది నాలుగు చోట్ల సరిచూశాను. ఆ ధీమాతోనే, మా ఏడేళ్ల అమ్మాయి ఉబ్బసం మందున్న సంచిని బరువని గదిలో వదిలేశాను. పందెం మొదలవడానికి ఎంతసేపు పడుతుందని మాత్రం ఎవర్నీ అడగలేదు.

కూడలి మధ్యలో నిలబడి చూసే జనంలో చేరాం. మా వెనక కంచె తలుపులు మూశారు. పందెం ముగిసేదాకా తెరవరట. గుర్రాల కోసం రాళ్ల మీద పరిచిన మట్టి దుమ్మై లేస్తోంది. పందెం మొదలయ్యే చోట అడ్డంగా కట్టిన మోకు దగ్గర గుర్రాలను వరసలో నిలుపుతారు, ఒకటి అడ్డం తిరుగుతుంది, అన్నిటినీ వెనక్కి పంపి మళ్లీ పిలుస్తారు. ఇలా నలభై నిమిషాలయ్యేసరికి అమ్మాయి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

"నాన్నా, బ్రీత్ రావట్లేదు," అంది. ఏడవలేదు. ఏడవడానికీ ఊపిరి కావాలి.

కంచెకూ మాకూ మధ్య చెయ్యి దూరే సందైనా లేదు. పిల్లను భుజానికెత్తుకుని మందు కావాలని అరిచాను. పక్కన తన పేట రంగు ఆకుపచ్చ కండువా వేసుకున్న ముసలావిడ, ఊపిరి పీల్చినప్పుడల్లా పిల్ల గొంతు దగ్గర గుంట పడటం చూసింది. వెనక్కి తిరిగి ఏదో కేక వేసింది. ఆ మాట తలల మీదుగా సాగిపోయింది. కాసేపటికి మరో పేటవాళ్ల పసుపు కండువాల గుంపులోంచి ఒక నీలిరంగు ఇన్‌హేలర్ చేతులు మారుతూ వచ్చింది.

దాన్ని తిప్పి చూశాను. దాని మీద ఇటాలియన్‌లో 'సాల్బుటమోలో' అని ఉంది. అమెరికాలో మేం ఆల్బుటెరాల్ అనేది దాన్నేనని నాకు తెలుసు. తెలిసి కూడా గడువు తేదీ కోసం వెతికాను. అంకెలు మరీ చిన్నవి, కళ్ల దగ్గరికి పెట్టుకున్నాను.

"ఏవండీ, చదివింది చాలు. దాని పెదాలు చూడండి," అంది నా భార్య.

పాలిపోయి ఉన్నాయి. రెండు పఫ్‌లు ఇచ్చి, పనిచేయడానికి ఎంతసేపు పడుతుందోనని గడియారం వంక చూస్తూ నిలబడ్డాను. అప్పుడే మోకు పడి గుర్రాలు కదిలాయి. పందెం ఎంతసేపన్నది నేను కొలిచింది అలాగే. ఎవరు గెలిచారో చూడలేదు. జనం కేకలు ఆగాక పిల్ల ఊపిరి నా మెడకు వెచ్చగా తగిలింది. తలుపులు తెరిచాక అంబులెన్సు వాళ్లు పరీక్షించి భయం లేదన్నారు.

ఆ ఇన్‌హేలర్ ఇప్పుడు ఆష్‌బర్న్‌లో మా వంటింటి సొరుగులో ఉంది. ఇక్కడి ఫార్మసీ ఇచ్చే మందు మీద రోగి పేరుంటుంది. దీని మీద లేదు. గుర్రాలు గీత దాటగానే పసుపు కండువాలన్నీ మట్టిమీదికి దూకి జనంలో కలిసిపోయాయి. అందుకే, తన మందు మాకిచ్చి ఆ దుమ్ములో నిలబడిందెవరో, ఆ మనిషికి ఊపిరి సరిగ్గా అందిందో లేదో నేటికీ తెలియదు.