ఆ కథ నాది

మా వరప్రసాదరావు మాస్టారికి లోకం మీద ఉన్నది ఒకే ఒక్క అనుమానం. ఎవరు ఏ కథ రాసినా అది ఆయన బుర్రలోంచి కొట్టేసిందే.

ఆయన ఇల్లు నందిగామలో. అప్పటికే నాలుగు నవలలు అచ్చయ్యాయి. డెబ్భై ఎనిమిదిలో ప్రతి ఆదివారం బస్సెక్కి జగ్గయ్యపేట వచ్చి, ఒక ట్యుటోరియల్ వాళ్ల రేకుల షెడ్డులో మాకు కథలు రాయడం నేర్పేవారు. నేనప్పుడు పేటలో కొత్తగా చేరిన బడిపంతుల్ని. నేర్పడమంటే పెద్దగా ఏం లేదు. మేం కథ చదవాలి, ఆయన కళ్లు చికిలించి వినాలి. ఆఖర్న ఒకటే మాట.

"ఇది నాదయ్యా. నీకెలా తెలిసింది?"

తను చెప్పే కథని కూడా సగంలో ఆపేసేవారు. "మిగతాది చెప్పను. మీ మొహాలు చూస్తుంటే నమ్మకం కుదరట్లేదు." పాఠం మధ్యలో లేచి వెళ్లి కిటికీ మూసొచ్చేవారు. కిటికీ అవతల ఉండేది ఒక గేదె. "దాని వెనక ఎవరున్నారో ఏమో" అనేవారు.

మాతోపాటు భారతీదేవి అని ఒక నర్సు వచ్చేది. ఆవిడ ఒకసారి తన తొలి కాన్పు మీద కథ రాసింది. మాస్టారు విని తల పంకించారు.

"ఇది నాకు పోయినేడే తట్టిందమ్మా."

"కాన్పు నాదండీ మాస్టారూ."

"కాన్పు నీదే. కాదన్నానా? కథ నాది."

నవ్వొచ్చేది. ఒక్కోసారి ఒళ్లు మండేది కూడా. కష్టపడి రాసుకెళ్తే దొంగని చేసి పంపేవారు మరి.

ఆ రోజుల్లోనే నా కథ ఒకటి వారపత్రికలో పడింది. పెళ్లి భోజనాల్లో చెప్పులు పోతాయేమోనని, వాటిని చంకలో పెట్టుకుని పప్పన్నం తినే ఆసామి కథ. క్లాసులో విన్నప్పుడు మాస్టారు మామూలుగానే "ఇది నాది" అన్నారు. నిజానికది ఆయనదీ కాదు, నాదీ కాదు. మా ఊరు కీసరలో ఉండే తిరుపతిరావుగారిది. ఊరి పేరు మార్చాను, మనిషి పేరు మార్చాను. చెప్పులు మార్చడం మర్చిపోయాను. మా నాన్న ప్రేమదాసు కౌలుకి మిరప వేసేది ఆ తిరుపతిరావుగారి పొలంలోనే. అది పోతే నా ఒక్కడి జీతంతో ఇల్లు గడవదు.

పై ఆదివారమే తిరుపతిరావుగారు పత్రిక పట్టుకుని షెడ్డులోకి వచ్చేశారు. రెండో చంకలో చెప్పులున్నాయి. మేమంతా తలలు దించుకున్నాం.

"ఏరా ఇశ్రాయేలూ, మొన్న పెళ్లిలో పిల్లకాయలు నా చుట్టూ చేరి ఇకిలిస్తున్నార్రా. పొలం నాదీ, ఎగతాళి నామీదా? రేపే మీ నాన్నని చేలోంచి పొమ్మంటా."

మాస్టారు లేచారు.

"ఆగండి. ఆ కథ నాదండి. ఈ అబ్బాయి కొట్టేశాడు."

అనుమానంలో తిరుపతిరావుగారూ తక్కువేం తినలేదు. "శిష్యుణ్ణి కాస్తున్నావా పంతులూ?"

"నేనా, వీళ్లనా? కావాలంటే వీళ్లనే అడగండి."

భారతీదేవి లేచింది. "నిజమేనండి. చదివిన రోజే మాస్టారు తనదన్నారు. మేమందరం విన్నాం." అందరూ తలలూపారు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు.

"నా చెప్పులు నువ్వెప్పుడు చూశావయ్యా?"

"ఒక పెళ్లిలో మీ పక్క విస్తరి నాదేనండి. మీరు చెప్పులే చూసుకుంటున్నారు, నన్ను చూడలేదు."

తిరుపతిరావుగారు చంకలో చెప్పులు సర్దుకున్నారు. "ఈడు బుద్ధిలేక ఎత్తుకొచ్చాడు. పుట్టించింది నువ్వన్నమాట. ఎప్పుడో ఒకప్పుడు మా కీసర మీంచి పోకపోతావా, అప్పుడు చెప్తా నీ సంగతి" అని వెళ్లిపోయారు. మా కౌలు జోలికి మాత్రం రాలేదు.

మాస్టారి నవలలు అచ్చేసే ఆయన ఉండేది బెజవాడలో. నందిగామ నుంచి బస్సు కీసర మీంచే పోవాలి. నాలుగేళ్ల తర్వాత ఒకసారి మాస్టారితో కలిసి ఆ బస్సెక్కాను. నందిగామ దాటగానే కండువా తీసి ముఖమంతా కప్పుకున్నారు.

"కీసర దాటి కంచికచర్ల వచ్చాక చెప్పు."

"మాస్టారూ, మీరు నిజంగా ఆ పెళ్లికి వెళ్లారా?"

"ఏ పెళ్లి?" అన్నారు కండువాలోంచి.

"మరి ఆ కథ మీదని..."

"నాదే. నువ్వెలా కొట్టేశావన్నదే ఇంకా తేలట్లేదు."

ఆ క్షణాన ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

కంచికచర్లలో ముఖం బయటపెట్టి అడిగారు. "ఇప్పుడేం రాస్తున్నావ్?"

"శిష్యుడి కోసం ముఖం దాచుకుని బస్సుల్లో తిరిగే ఒకాయన గురించండి."

కళ్లు చికిలించి నన్ను అనుమానంగా చూశారు. "అది నాది. ముట్టుకోకు."

ఇన్నేళ్లూ ముట్టుకోలేదు. ఇవాళ కొట్టేశాను. పెద్దాయన అనుమానం ఒక్కసారన్నా నిజం కావాలి కదా.