రాకెట్ ఇగురుకి పసుపు బొట్టు

సింహాచలం అప్పన్న సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఒక్కటి అబద్ధమైనా ఈ జన్మలో నా నోట్లో మళ్లీ రొయ్య పడకూడదు.

కరోనా సద్దుమణిగిన మరుసటేడు. అచ్యుతాపురం సెజ్‌లో ఒక రొయ్యల కంపెనీకి నేను సీలింగ్ సూపర్‌వైజర్ని. డాక్టరు నాడి పట్టినట్టు, పౌచ్ అంచు మీద బొటనవేలు పెడితే సీలు సంగతి చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు పెట్టుకున్నదీ నేనే.

అంతరిక్షంలోకి వెళ్లేవాళ్ల తిండి పరీక్షించే ల్యాబ్ ఒకటి మాకు నలభై పౌచుల రొయ్యల ఇగురు ఆర్డరిచ్చింది. పులుసు పనికిరాదు, అక్కడ చుక్కలు చుక్కలుగా గాల్లో తేలిపోతుంది. ఇగురైతే చెంచాని వదలదు. పౌచ్ నింపాక కొత్త సీలింగ్ మెషీన్ రెండు వేడి దవడల మధ్య దాని మూతి నొక్కి అతికిస్తాం. తర్వాత రిటార్ట్‌లో, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాన్లో ఉడికిస్తాం. ఇక ఫ్రిజ్ లేకపోయినా నెలల తరబడి పాడవదు. కానీ అతుకులో నలక పడిందా, సూదిమొనంత బెజ్జం మిగిలిపోతుంది. పైన కడుపునొప్పొస్తే వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లడానికి ఆటో దొరకదు.

ల్యాబ్ వాళ్లు మధ్యాహ్నం వస్తారనగా పౌచుల్ని ఒక్కొక్కటే నీళ్ల తొట్టిలో ముంచి లీక్ టెస్ట్ మొదలెట్టాం. మొదటిదే బుడగలు వదిలింది. అతుకులో పసుపు గీత. ఇగురు రంగు కాదు, పొడి పసుపు. మిగతా ముప్ఫై తొమ్మిదీ ముంచాను.

"మెషీనుకి బొట్టెవరు పెట్టారు?" మేనేజరు గొంతు పెంచలేదు, అందుకే ఎక్కువ భయమేసింది. పెట్టినవాళ్లు ఈరోజే గేటు బయటికి అన్నాడు.

పౌచులు నింపే నూకరత్నం ముందుకొచ్చింది. సముద్రంలో చేపల వేటకెళ్లే ఇంటి మనిషి. బొట్టు పెట్టకుండా కొత్త పడవని నీళ్లలోకి దింపరు వాళ్లు.

"నానే ఎట్టినాను బాబూ. పైకెల్లే కూడు గదా, బొట్టెట్టకండా ఎలా పంపుతాం?"

నేను అడ్డం పడి, ఈసారికి వదిలెయ్యండని గట్టిగా వాదించాను. గేటు తప్పింది గానీ ఆమెని రొయ్యలు వలిచే షెడ్డుకి మార్చేశారు. అక్కడ పొద్దస్తమానం చేతులు ఐసునీళ్లలోనే.

మిగతా పౌచులన్నీ పాసయ్యాయి. రాకెట్టెక్కాయో, ల్యాబ్ వాళ్ల కడుపుల్లోకే వెళ్లాయో మాకెవరూ చెప్పలేదు.

ఇక రొయ్యలకి నీళ్లొదులుకుని, కల్పించిందేమిటో ఒప్పుకుంటాను. ఆ పొద్దున "కొత్త మిషనుకి బొట్టెట్టరేటి?" అని నూకరత్నం అడిగిన మాట నిజం. పెట్టిన చెయ్యి నాది, తప్పు నెత్తినేసుకున్నది ఆమె. గొప్పకి పోయి పైనుంచి ఇంకో చిటికెడు చల్లాను కూడా. వాదించానన్నదీ అబద్ధమే, నోరు మెదపలేదు. సాయంత్రం కంపెనీ బస్సు దగ్గర ఆమె నా పక్కనే నిలబడి, నావైపు చూడకుండా అంది:

"ఎట్టమన్నాను గానీ, సల్లమన్నానేటి బాబూ?"

సీలు వేసే ముందు దవడలు తుడవాలని కొత్తగా చేరినవాళ్లకి ఇప్పటికీ చెబుతుంటాను. ఆ రోజు మా సెక్షన్లో అన్నిటికంటే గట్టిగా పడిన సీలు నా నోటిదేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.